రేపటి చిప్ ఎవరిస్తారు?

ఇవాళ కంప్యూటర్ లోపలి సంగతి మాట్లాడుకుందాం. ఏళ్ల తరబడి ఒకరి దగ్గర ప్రాసెసర్లు కొంటున్న కంపెనీ, ఆ సంబంధం తెంచుకుని ఇంకొకరి దగ్గరికి ఎందుకు వెళ్తుంది? పెద్ద కంపెనీల బేరాలు, వాటితో మనకేం పని అనిపిస్తుంది. కానీ మన బల్ల మీదున్న మెషీన్ ఇంకెన్నేళ్లు నడుస్తుంది, ఎప్పటినుంచో వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఇకముందు తెరుచుకుంటుందా లేదా అన్నవన్నీ ఆ బేరంలోనే తేలిపోతాయి. పైగా ఇది మనకు మరీ దూరపు ముచ్చటేమీ కాదు. ఇంటెల్, ఏఎండీ, క్వాల్‌కామ్, మూడింటికీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ఆఫీసులున్నాయి. చిప్ డిజైన్‌లోనో వెరిఫికేషన్‌లోనో పనిచేసే పిల్లలు మీ చుట్టాల్లో ఎవరో ఒకరింట్లో ఉండే ఉంటారు.

ఈ మార్పుల సంగతి తెలుసుకోవాలంటే యాపిల్ కథే సరైనది. ఎందుకంటే వాళ్లు ఈ పని మ్యాక్‌తోనే మూడుసార్లు చేశారు. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటోష్‌లో ఉన్నది మోటరోలా 68000. 1994లో మోటరోలా, ఐబీఎం తయారుచేసే పవర్‌పీసీకి మారారు. 2006లో ఇంటెల్‌కి వచ్చారు. 2020లో ఇంటెల్‌నీ వదిలి, తాము డిజైన్ చేసుకున్న చిప్‌లు పెట్టుకున్నారు.

"ఇంకా స్పీడుగా ఉండేది దొరికింది, మారారు" అని ఎవరైనా చెప్తే అది సగం మాటే. ఇవాళ చేతిలో ఉన్న చిప్ చూసి ఎవరూ ఇంత పెద్ద పనికి దిగరు. ఇకముందు రావాల్సిన చిప్ మీద నమ్మకం పోయినప్పుడే మారతారు. ఒక కంప్యూటర్ మోడల్ తయారుకావడానికి ఏళ్లు పడుతుంది. దానిలోకి వెళ్లే ప్రాసెసర్ కాగితం మీది నుంచి ఫ్యాక్టరీ దాటి రావడానికీ ఏళ్లు పడుతుంది. అందుకే కొనేవాడు అసలు కొంటున్నది చిప్‌ని కాదు, అమ్మేవాడి రోడ్‌మ్యాప్‌ని. ఫలానా ఏడాదికి ఇంత స్పీడు, ఇంత కరెంటు, ఇన్ని లక్షల చిప్‌లు అని ఇచ్చిన మాటని కొంటున్నాడు. ఆ మాట ఒకసారి తప్పితే సర్దుకుంటారు. మళ్లీ మళ్లీ తప్పితే తలుపు తెరుచుకుని బయటికి చూస్తారు.

ఆ మాట ఎలా తప్పుతూ వచ్చిందో చూడండి. 1999 ఆగస్టు చివర్లో యాపిల్ పవర్‌పీసీ చిప్‌తో పవర్ మ్యాక్ జీ4 ప్రకటించింది. 400, 450, 500 మెగాహెర్ట్జ్, మూడు మోడళ్లు. తీరా 500 మెగాహెర్ట్జ్ చిప్‌లో లోపం ఉందని తేలింది, మోటరోలా సరిపడా ఇవ్వలేకపోయింది. అక్టోబర్‌లో యాపిల్ ఏం చేసిందంటే, ప్రతి మోడల్ స్పీడూ 50 మెగాహెర్ట్జ్ తగ్గించి, ధర మాత్రం అలాగే ఉంచింది. ఆర్డర్ ఇచ్చినవాళ్లు మండిపడ్డారు. తప్పు చిప్ దగ్గర జరిగినా మాట పడింది పెట్టె మీద పేరున్న కంపెనీయే. ఆ తర్వాత 500 వచ్చినా, 2001 జనవరి దాకా జీ4 అక్కడే నిలబడిపోయింది. ఆ మధ్యలోనే, 2000 మార్చిలో, ఏఎండీ, ఇంటెల్ రెండూ ఒకదాని వెనక ఒకటి 1000 మెగాహెర్ట్జ్ దాటేశాయి.

తర్వాత ఐబీఎం వంతు. 2003 జూన్‌లో యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ వేదిక మీద జీ5 చూపించాడు. చిప్ ఐబీఎంది, స్పీడు 2 గిగాహెర్ట్జ్. పన్నెండు నెలల్లో 3 గిగాహెర్ట్జ్ ఇస్తామని అందరి ముందూ మాట ఇచ్చాడు. ఏడాది గడిచింది, వచ్చింది 2.5. ఇంకో ఏడాదికి 2.7. ఆ 3 చివరిదాకా రానేలేదు. మాట ఇచ్చింది జాబ్స్, నిలబెట్టాల్సింది ఐబీఎం. సరుకు తన చేతిలో లేనివాడి ఇబ్బంది ఇదే.

అసలు చిక్కు వేడి దగ్గర వచ్చింది. జీ5 పెట్టె మూత తీసి చూస్తే తెలుస్తుంది. చక్కటి అల్యూమినియం పెట్టె, లోపల నాలుగు గదుల్లాంటి భాగాలు, వాటిని చల్లబరచడానికి మొత్తం తొమ్మిది ఫ్యాన్లు. 2.5 గిగాహెర్ట్జ్ మోడల్‌కొచ్చేసరికి ఫ్యాన్లు చాలక, కారు రేడియేటర్ తరహాలో ద్రవం తిప్పి చల్లార్చాల్సి వచ్చింది. బల్ల కింద పెట్టుకునే పెద్ద పెట్టెలో అయితే ఇదంతా పడుతుంది. అంగుళం మందం ల్యాప్‌టాప్‌లో ఎక్కడ పెడతారు? అందుకే జీ5 ల్యాప్‌టాప్ ఎన్నడూ రాలేదు. జనం డెస్క్‌టాప్ మానేసి ల్యాప్‌టాప్ కొంటున్న రోజుల్లో యాపిల్ ల్యాప్‌టాప్‌లు పాత జీ4తోనే ఉండిపోయాయి, 1.67 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయాయి.

ఈ వేడి ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారేమో. చిప్ తాగే కరెంటు దాని స్పీడుతో పెరుగుతుంది. స్పీడు పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. వోల్టేజీ రెట్టింపైతే కరెంటు ఖర్చు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకని చివరి కొసరు స్పీడు కోసం కట్టే మూల్యం చాలా ఎక్కువ. తాగిన కరెంటంతా చివరికి వేడిగానే బయటికి రావాలి. అప్పటినుంచి చిప్‌ని కొలిచే కొలబద్దే మారింది. ఎంత స్పీడు అని కాకుండా, ఒక్కో వాట్ కరెంటుకు ఎంత పని చేస్తుంది అని అడగడం మొదలైంది.

మరి ఐబీఎం చేతగాక ఇలా చేసిందా? కాదండీ. వాళ్ల ఇంజనీర్లు ప్రపంచంలోని మేటివాళ్లలో ఉన్నవాళ్లే. కానీ ఐబీఎంకి యాపిల్ చిన్న గిరాకీ. ఆ రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ 360, సోనీ ప్లేస్టేషన్ 3, నింటెండో వీ, మూడు గేమ్ కన్సోళ్లూ పవర్ కుటుంబపు చిప్‌లతోనే రాబోతున్నాయి, మూడింటిలోనూ ఐబీఎం చెయ్యి ఉంది. జూన్ నెలలో దర్జీ దగ్గరికి బడి యూనిఫారాల ఆర్డర్ వచ్చిపడితే మనం ఇచ్చిన ఒక్క చొక్కా ఎక్కడుంటుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే. ఐబీఎంకి కావలసింది పెద్ద సర్వర్లకు చిప్, కన్సోళ్లకు చిప్. పల్చటి ల్యాప్‌టాప్‌కి సరిపోయే చల్లటి చిప్ కావాలన్న అవసరం యాపిల్‌ది మాత్రమే. ఇద్దరి దారులూ వేరైపోయాయి. సరఫరాదారుణ్ని మార్చడానికి ఇంతకన్నా బలమైన కారణం ఇంకొకటి లేదని నా నమ్మకం. నాణ్యత లోపాన్ని సరిచేసుకోవచ్చు, ధర దగ్గర బేరమాడొచ్చు. అమ్మేవాడికి మన అవసరమే ముఖ్యం కానప్పుడు మాత్రం చేయగలిగిందేమీ లేదు.

2005 జూన్ 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో జాబ్స్ ఆ సంగతి బయటపెట్టాడు. ఇవ్వలేకపోయిన 3 గిగాహెర్ట్జ్ గురించీ, తయారుకాని జీ5 ల్యాప్‌టాప్ గురించీ దాచకుండా చెప్పాడు. ఒక్కో వాట్‌కు పవర్‌పీసీ దారిలో 15 యూనిట్ల పని, ఇంటెల్ దారిలో 70 అని తెర మీద చూపించాడు. గమనించండి, ఆ అంకెలు అప్పటి చిప్‌లవి కావు, 2006 మధ్య నుంచి రాబోయే చిప్‌లవి. మారడానికి కారణం రేపటి చిప్పేనని ఆ కంపెనీ నోటితోనే వచ్చిన సాక్ష్యం అది. తర్వాత, పొద్దుటినుంచీ తాను వేదిక మీద వాడుతున్న మ్యాక్ లోపల ఉన్నది 3.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4 అని చూపించాడు. అప్పటిదాకా ఎవరూ పోల్చుకోలేదు.

అదెలా సాధ్యమైంది? నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అంతకుముందు అయిదేళ్లుగా మ్యాక్ ఓఎస్ ఎక్స్ ప్రతి విడుదలనూ ఎందుకైనా మంచిదని ఇంటెల్ చిప్ మీద కూడా నడిపి చూసుకుంటూ వచ్చారు, గుట్టుచప్పుడు కాకుండా. ఆ పని ఎలా మొదలైందో ఒక ఇంజనీరు భార్య తర్వాత రాసింది. కొడుకు తాతామామ్మలకు దగ్గరగా పెరగాలని ఆ దంపతులు అమెరికా తూర్పు తీరానికి వెళ్లాలనుకున్నారు. అక్కడినుంచి ఒక్కడే చేసుకోదగ్గ పని కావాలి కాబట్టి, మ్యాక్ ఓఎస్‌ని ఇంటెల్ మీద నడిపించే పని అతను 2000లో ఎత్తుకున్నాడు. ఏడాది పైన గడిచాక పైఅధికారి వచ్చి చూస్తే, మామూలు ఇంటెల్ పీసీ మీద మ్యాక్ తెర వెలిగి కనిపించిందట. మనవణ్ని దగ్గర చూసుకోవాలన్న పెద్దవాళ్ల కోరిక అంత పెద్ద కంపెనీకి దారి చూపిందంటే ఎంత ముచ్చటగా ఉంటుందో! అయితే అసలు పాఠం వేరే ఉంది. ఆ అయిదేళ్ల పని ఒక్క రోజు కూడా అమ్మకానికి రాలేదు, ఒక్క డాలరూ తేలేదు. కానీ అదే లేకపోతే 2005లో యాపిల్ ఐబీఎం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చేది. వెళ్లిపోగలిగే వీలున్నవాడి మాటకే బేరంలో బరువుంటుంది.

ఇంత సిద్ధపడినా మారడం తేలిక కాదు. ప్రతి ప్రాసెసర్ కుటుంబానికీ తనదైన ఆదేశాల జాబితా ఉంటుంది. ఒకదాని కోసం తయారుచేసిన ప్రోగ్రామ్ ఇంకొకదానికి అర్థం కాదు. అంకెల్ని దాచుకునే వరస కూడా వేరే. 1 అనే అంకెను నాలుగు బైట్లలో దాచాలనుకోండి. పవర్‌పీసీ మ్యాక్‌లో అది 00 00 00 01 అని ఉంటుంది. ఇంటెల్‌లో 01 00 00 00 అని ఉంటుంది. పాత మ్యాక్ రాసిన ఫైలుని కొత్త ప్రోగ్రామ్ ఆ తేడా చూసుకోకుండా చదివిందో, 1 కాస్తా 1,67,77,216 అయిపోతుంది. మీ లెడ్జర్‌లో రూపాయి ఒక్కసారిగా కోటీ అరవై ఏడు లక్షలైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఇలాంటి చోట్లన్నీ వెతికి వెతికి దిద్దుకోవాలి.

అందాకా జనం పని ఆగకూడదు కదా. అందుకే రొజెట్టా అనే అనువాద యంత్రాంగం పెట్టారు. పాత ప్రోగ్రామ్ నడుస్తుండగానే దాని ఆదేశాల్ని ఇంటెల్ భాషలోకి మార్చి వినిపిస్తుంది. పని జరుగుతుంది గానీ నిదానంగా జరుగుతుంది. మొదటి ఇంటెల్ మ్యాక్‌లు 2006 జనవరిలో వచ్చాయి, ఆగస్టు కల్లా అన్ని మోడళ్లూ మారిపోయాయి. ఇంటెల్ కోసం తయారైన ఫోటోషాప్ మాత్రం 2007 ఏప్రిల్‌కి గానీ రాలేదు. ఏడాది పైగా ఫోటోగ్రాఫర్లు, డిజైనర్లు కొత్త మెషీన్ మీద పాత ఫోటోషాప్‌ని అనువాదంలో నడుపుకుంటూ గడిపారు. పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వాడేవాళ్ల సంగతి ఇంకా కష్టం. మ్యాక్ పేజ్‌మేకర్ పాత ఓఎస్ 9 కాలందే, కొత్త ఓఎస్‌కి తగ్గట్టు అడోబీ దాన్ని మార్చలేదు. పాతవాటిని నడిపే క్లాసిక్ అనే ఏర్పాటు ఇంటెల్ మ్యాక్‌లలో లేదు. దాంతో కొత్త మ్యాక్‌లలో పేజ్‌మేకర్ కథ అక్కడితో ఆగిపోయింది. 2011లో రొజెట్టాని కూడా తీసేశారు. చిప్ మార్చినప్పుడు ఖర్చు కంపెనీ ఒక్కటే భరించదు. వాడేవాళ్లూ, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ కూడా వాటా పంచుకుంటారు. ఆ వాటాని ఎంత తగ్గించారు, ఎన్నాళ్లు ఆదుకున్నారు అన్నదాన్ని బట్టే నేను ఏ మార్పునైనా మంచిదా కాదా అని చూస్తాను.

ఇక రెండో అంకం. యాపిల్ తొలి ఐఫోన్ చిప్ కోసం ఇంటెల్‌ని కూడా అడిగింది. యాపిల్ ఇస్తామన్న ధర తమ అంచనా ఖర్చుకన్నా తక్కువగా ఉందని ఇంటెల్ వదిలేసుకుంది. అప్పటి సీఈవో పాల్ ఓటెలినీ 2013లో పదవి దిగిపోతూ ఈ సంగతి తానే చెప్పాడు. అమ్ముడుపోయే ఫోన్ల సంఖ్యను తాము చాలా తక్కువగా ఊహించామని బాధపడ్డాడు. యాపిల్ ఆగలేదు. 2008లో పీఏ సెమీ అనే చిన్న చిప్ కంపెనీని 27.8 కోట్ల డాలర్లకు కొనేసింది. 2010లో ఐప్యాడ్‌లో యాపిల్ సొంత చిప్ ఏ4 వచ్చింది. 2013లో ఐఫోన్ 5ఎస్‌లో ఏ7 వచ్చింది, ఫోన్‌లో 64 బిట్ చిప్ అదే మొదటిది. ఏటా ఒక చిప్, ఏటా మెరుగు, ఏటా చెప్పిన టైముకి. జానీ స్రూజీ నాయకత్వంలోని యాపిల్ చిప్ బృందానికి అలా పదేళ్లు ఫోన్ల మీద చెయ్యి తిరిగింది.

అదే పదేళ్లలో ఇంటెల్‌కి ఏమైంది? ఇంటెల్ తన చిప్‌లని తానే డిజైన్ చేసుకుని తన ఫ్యాక్టరీల్లోనే చేసుకునేది. చాలాకాలం అదే దాని బలం. కానీ 14 నానోమీటర్ల తయారీ పద్ధతి తర్వాత రావాల్సిన, ఇంకా చిన్న ట్రాన్సిస్టర్లుండే 10 నానోమీటర్ల పద్ధతి చేతికి రాలేదు. ఆలస్యమవుతుందని 2015లోనే చెప్పుకోవాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్‌లకు సరిపడా సరుకు బయటికొచ్చేసరికి 2019. ఫ్యాక్టరీ ఆగితే డిజైన్ కూడా ఆగింది. ఆ మధ్య సంవత్సరాల మ్యాక్‌లలోని ఇంటెల్ చిప్‌ల మూల డిజైన్ పెద్దగా మారలేదు. అంతకు పదిహేనేళ్ల ముందు ఐబీఎం దగ్గర ఎదురైన ఇబ్బందే ఇంటెల్ దగ్గరా ఎదురైంది.

2020 నవంబర్‌లో వచ్చిన ఎం1 దానికి జవాబు. 1600 కోట్ల ట్రాన్సిస్టర్లు, తైవాన్‌లోని టీఎస్ఎంసీ 5 నానోమీటర్ల పద్ధతిలో తయారీ. మెమరీని ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకేచోట పంచుకుంటాయి కాబట్టి అటూ ఇటూ కాపీ చేసే పని తగ్గింది. అదే 999 డాలర్ల మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఈసారి ఫ్యాన్ లేదు. బ్యాటరీ మీద 12 గంటలు సినిమా చూడగలిగేది 18 గంటలకు పెరిగింది. తొమ్మిది ఫ్యాన్ల జీ5 పెట్టెని చూసినవాళ్లకు ఈ మార్పు విలువ ఇట్టే తెలుస్తుంది. అయితే యాపిల్ పూర్తిగా స్వతంత్రమైందని అనుకోకండి. ఆదేశాల జాబితా ఆర్మ్ అనే కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకున్నది, తయారీ టీఎస్ఎంసీ చేతిలో ఉన్నది. ఆధారపడటం పోలేదు, ఆధారపడే చోటు మారింది. కాకపోతే ఏ చిప్ ఎప్పుడు, దేనికోసం రావాలన్న నిర్ణయం తన చేతికి వచ్చింది.

మారకపోవడానికీ కారణాలుంటాయండీ, అవన్నీ మంచివే కానక్కర్లేదు. 2003లో వచ్చిన ఏఎండీ ఆప్టెరాన్ చిప్ సర్వర్లలో బాగా పేరు తెచ్చుకున్నా, డెల్ 2006 దాకా ఇంటెల్‌నే అంటిపెట్టుకుని ఉంది. ఇంటెల్‌తోనే ఉండటానికి అందుతున్న సొమ్ము గురించి డెల్ తన వాటాదారులకు సరిగా చెప్పలేదని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఆరోపించింది. తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా, డెల్ 2010లో 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టి కేసు ముగించుకుంది. సరఫరాదారు ఇచ్చే తాయిలం ఏ ఏటికాయేడు లాభంగా కనిపిస్తుంది. వాడేవాళ్లకు మెరుగైన సరుకు అందకుండా పోవడం మాత్రం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు.

ఇక, మీ ఇంట్లో మ్యాక్ ఉంటే ఒక మాట. 2025 జూన్‌లో యాపిల్ చెప్పేసింది. ఇంటెల్ మ్యాక్‌లు అందుకునే చివరి పెద్ద విడుదల మ్యాక్ ఓఎస్ 26. ఎం సిరీస్ మెషీన్ల మీద పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌లను నడిపే రొజెట్టా 2 కూడా మ్యాక్ ఓఎస్ 27 దాకానే పూర్తిగా ఉంటుంది. కాబట్టి మీ మ్యాక్‌లో ముఖ్యమైన ప్రోగ్రామ్ ఏదైనా తీసుకుని దాని గెట్ ఇన్‌ఫో తెరవండి. అందులో కైండ్ అన్నచోట ఇంటెల్ అని మాత్రమే ఉంటే, కొత్త వెర్షన్ ఉందేమో ఇప్పుడే కనుక్కోండి.

విండోస్ వాడేవాళ్లూ ఇది తమకు సంబంధించింది కాదనుకోకండి. ఇప్పుడు క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్‌లు షాపుల్లోకి వచ్చాయి. వాటిలో ఉన్నది ఆర్మ్ కుటుంబపు చిప్, పాత ప్రోగ్రామ్‌లు అక్కడా అనువాదంలోనే నడుస్తాయి. ప్రింటర్లు, స్కానర్ల డ్రైవర్లు మాత్రం ఆ చిప్ కోసం ప్రత్యేకంగా తయారుకావాల్సిందే. కొనేముందు షాపువాణ్ని మెమరీ ఎంత అని అడిగినట్టే మీ ప్రింటర్ పనిచేస్తుందా అని కూడా అడగండి.

మన తెలుగు అచ్చు పనివాళ్లకు ఇంకో మాట, ఇది మనసులో ఉన్న మాట. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, పత్రికలు మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఎవరో మహానుభావుడి నవల, ఊరి చరిత్ర, దేవాలయ స్థలపురాణం, అన్నీ ఆ పాత మెషీన్ల లోపలే ఉన్నాయి. ఆ మెషీన్ ఆగిపోతే ఆ ఫైళ్లు తెరవడం కష్టమే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ తీసి, రెండు మూడు చోట్ల దాచుకోండి. అవసరం రాకముందే అయిదేళ్లపాటు గుట్టుగా సిద్ధపడిన కంపెనీ కష్టకాలంలో నిలబడగలిగింది. చిప్‌లు మార్చుకునే హక్కు కంపెనీలకు ఉంది, అవి మారుస్తూనే ఉంటాయి. ఏ చిప్ వచ్చినా మన రాతలు తెరుచుకునేలా చూసుకోవడం మాత్రం మన పని. అది ఈ నెలలోనే మొదలుపెట్టండి.